డబ్బా లేని సారు

పటాన్‌చెరులో ఒకప్పుడు భీమశంకరం సారు గురించి ఒక మాట చెప్పుకునేవారు. ఆయన పొద్దున్నే వచ్చి రేషన్ దుకాణం ముందు గ్యాసునూనె, అంటే కిరోసిన్ లైన్లో నిలబడతాడు. చేతిలో డబ్బా ఉండదు. గంట, గంటన్నర అందరితో పాటు ఒక్కో అడుగూ ముందుకు జరుగుతాడు. తీరా తన వంతు వచ్చి, డీలరు ఐలన్న గరాటు పట్టుకుని ఎదురు చూస్తుంటే, చేతి గడియారం చూసుకుంటాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకుంటాడు. అక్కడినుంచి నేరుగా వెనక్కి నడిచి మళ్లీ లైను చివరన నిలబడతాడు.

ఎందుకిలా చేస్తాడో ఎవరికీ తెలియదు కాబట్టి తలా ఒక కారణం చెప్పేవారు. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, సొంత సంసారం ఉన్న మనిషి, ఊరికే నిలబడడు కదా. బొంతపల్లి వీరభద్రస్వామికి మొక్కుకున్నాడని, వెయ్యిన్నొక్కసారి తన వంతు పరులకు వదిలిపెడితే గానీ ఆ మొక్కు తీరదని కొందరు చెప్పారు. ఇంట్లో భార్య నోటికి జడిసి బయట కాలం గడుపుతున్నాడని మగవాళ్లు నవ్వుకున్నారు. దుకాణానికి ఎదురుగా చాయ్ హోటల్ నడిపే బషీర్ మాత్రం వేలు చూపించి మరీ చెప్పేవాడు, ఆయన సీఐడీ అని, గ్యాసునూనె దొంగదారిన ఎటు పోతోందో కనిపెట్టడానికి వచ్చాడని. ఈ మాట ఐలన్న చెవిన పడింది. ఆనాటి నుంచి సారు లైన్లో ఉన్నంతసేపూ ఐలన్న నురగ దిగిపోయేదాకా ఆగి, కొలత నిండుగా పోసేవాడు. జనానికి ఆ లాభం ఒకటి కలిసి రావడంతో సీఐడీ మాటను ఎవరూ కాదనలేదు.

ఈ మాటలన్నీ విని ఏమీ అనకుండా ఊరుకున్నది దేవమ్మ ఒక్కతే. ఆమె దుకాణానికి ఎడమ పక్కన, కరెంటు స్తంభం మొదట్లో గోనెసంచి పరుచుకుని, ఉడకబెట్టిన పల్లికాయ బుట్ట పెట్టుకుని కూర్చునేది. సీతాఫలాల కాలంలో సీతాఫలాలు, జామకాయల కాలంలో జామకాయలు అమ్మేది. భర్త మొగులయ్య మందుల కంపెనీలో బస్తాలు మోసేవాడు. ఆమె బడికి పోయింది లేదు. కానీ ఎదురుగా జరిగేది ఏదీ ఆమె కళ్లను దాటి పోయేది కాదు. సారు కుడి చెప్పు మడమ అరిగిన తీరు చూసి, ఈయన నిలబడేటప్పుడు బరువంతా ఒక కాలి మీదే వేస్తాడని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. మొక్కు ఉన్నవాడు చెప్పులు విడిచి నిలబడతాడు. సీఐడీ అయితే ఐలన్న మొహం చూస్తాడు. ఈయన మాత్రం చూస్తే జనం తలలు చూస్తాడు, లేకపోతే గడియారం చూస్తాడు.

సంగతి ఏమిటో ఆమె ఒకనాడు అడిగేసింది. ఎండాకాలం, లైను కదలడం లేదు. సారు స్తంభం నీడకు వచ్చి నిలబడి పల్లికాయ కొన్నాడు. దేనికి నిలబడుతున్నావు సారూ అని అడిగితే, ఆయన దాచుకోకుండా చెప్పాడు. తాను సంగారెడ్డివాడు. కాలేజీలో లెక్చరరు. డాక్టరేటు కోసం హైదరాబాదులో యూనివర్సిటీకి ఒక పెద్ద పుస్తకం రాసి ఇవ్వాలి. ఆ పుస్తకం లైన్ల మీద. లైన్లో ఎవరు ఎప్పుడు వస్తారో, ఎంతసేపు నిలబడతారో ముందే లెక్క కట్టి చెప్పే శాస్త్రం ఒకటి ఉంది. ఒక్క మనిషి ఎప్పుడు వస్తాడో ఎవరూ చెప్పలేరు, కానీ వందమంది ఎలా వస్తారో చెప్పవచ్చు. అది సంభావ్యత.

దేవమ్మ అంతా విని, పల్లికాయ పొట్టు ఊదుతూ అన్నది.

"నిలవడుడు గూడ సదువేనా సారూ?"

"చదువే దేవమ్మా. దానికే ఆరేండ్లు పట్టేటట్టున్నది."

"మా ఆడోళ్లమంత ఎన్నడో డాక్టర్లయితిమి పో."

సారు పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆయన సీఐడీ కాదని దేవమ్మకు రూఢి అయింది. అయినా ఆమె ఎవరికీ చెప్పలేదు. ఐలన్న నిండు కొలత పోస్తున్నాడు కదా, చెడగొట్టడం ఎందుకు.

ఆరేళ్లు అని నవ్వుతూ అన్నాడు గానీ ఆ ఆరేళ్లే ఆయన మెడ మీద కూర్చున్నాయి. ఎనభై మూడులో పేరు నమోదు చేయించుకున్నాడు. ఎనభై తొమ్మిది మార్చి ముప్పై ఒకటిలోగా పుస్తకం ఇవ్వాలి. ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆయనకు దారి చూపే గురువు రామలింగేశ్వరరావు గారు ఆ ఏడే పదవీ విరమణ చేస్తున్నారు. ఇంకొక గురువు ఈ లైన్ల గొడవ నెత్తిన వేసుకోడు. డాక్టరేటు లేని లెక్చరరు లెక్చరరుగానే ముసలివాడవుతాడు. కాలేజీలో ఆయన తర్వాత చేరిన ఇద్దరు అప్పటికే రీడర్లయి, స్టాఫ్‌రూమ్‌లో ఆయన కుర్చీ మీద సంచులు పెట్టడం మొదలుపెట్టారు.

ఇంతకీ ఆయన పుస్తకం ఎందుకు తెమలడం లేదంటే, కాగితం మీది లెక్క నేల మీద నిజం కావడం లేదు. లైన్లో మనుషులను లెక్కపెట్టి, ఐలన్న ఒక్కొక్కరికి ఎంతసేపు తీసుకుంటున్నాడో గడియారం పెట్టి చూసి, చివరివాడికి నలభై నిమిషాల్లో వంతు రావాలని తేల్చేవాడు. అది సరో కాదో చూసుకోవడానికి తానే వెళ్లి చివరన నిలబడేవాడు. గంటన్నర పట్టేది. మళ్లీ వెనక్కి వెళ్లి నిలబడేవాడు. గంటా నలభై పట్టేది. ఐలన్న చేయి మందమేమోనని దాన్ని కొలిచాడు. గరాటు సన్నమేమోనని దాన్నీ కొలిచాడు. మధ్యలో దూరేవాళ్లు ఎక్కువేమోనని దానికొక సూత్రం తయారుచేశాడు. మూడేళ్ల లెక్కలు మూడు పెట్టెల నిండా పేరుకున్నాయి. ఏ లెక్కకూ ఆ గంటన్నర అందలేదు. రామలింగేశ్వరరావు గారు కాగితాలు చూసి, శాస్త్రం తప్పా, పటాన్‌చెరు తప్పా తేల్చుకుని రమ్మని పంపించేశారు.

ఎనభై ఎనిమిది నవంబరు మొదట్లో ఒక పొద్దున సంగతి తేలింది. తేల్చింది వాన.

ఆ రోజు నూనె డ్రమ్ములు దిగాయి. ఏడు కాకముందే లైను బారుగా సాగింది. సారు లెక్కపెట్టి పంతొమ్మిది మంది అని రాసుకున్నాడు. ఏడున్నర కంపెనీ సైరను మోగాక తుంపర మొదలయింది, చూస్తుండగానే జడివాన అయింది. ఆడవాళ్లు కొంగులు నెత్తిన వేసుకుని, మగవాళ్లు సంచులు కప్పుకుని బషీర్ హోటల్ రేకుల కిందికి పరిగెత్తారు. దేవమ్మ బుట్ట మీద పాలితీను పట్టా కప్పి తాను కూడా దాని కిందికే దూరింది. లైను ఉన్న చోట డబ్బాలు మాత్రం మిగిలాయి. ఇత్తడి బిందెలంత పెద్దవి, పాల క్యానంత చిన్నవి, మందుల కంపెనీల తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు, పెయింటు డబ్బాలు. చాలావాటికి మూతలు లేవు.

భీమశంకరం సారు మంచివాడు. నీళ్లు నిండిన డబ్బాలో నూనె పోస్తే స్టవ్వు వెలగదని ఆయనకు తెలుసు. తాను తడుస్తూ ఆ డబ్బాలన్నింటినీ రెండేసి చొప్పున మోసి ఐలన్న అరుగు మీదికి చేర్చాడు. ఇంజినీరు కాబట్టి ఊరికే పడేయలేదు. పెద్దవి వెనక, నడిమివి మధ్యలో, చిన్నవి ముందు, చూడముచ్చటగా మూడు వరుసల్లో పేర్చి, తల తుడుచుకుంటూ తృప్తిగా నిలబడ్డాడు. దేవమ్మ పాలితీను కిందినుంచి ఇదంతా చూసింది. అయ్యో సారూ, వద్దు అని కేక వేసింది గానీ రేకుల మీద వాన మోతలో ఆ కేక ఆయన దాకా పోలేదు.

వాన వెలిసింది. జనం తిరిగి వచ్చారు. వచ్చినవాళ్లు పంతొమ్మిది మంది కాదు. పక్క వీధుల్లోంచి, కంపెనీ గేటు వైపు నుంచి, ఇళ్లలోంచి కూడా వచ్చారు. అరుగు మీద మూడు వరుసలు చూసి అందరూ ఒక్కసారిగా కొయ్యబారిపోయారు. తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడారు.

లేతు మిషను మీద పనిచేసే సాదుల్లా నెమ్మదైన మనిషి. ఆయన కూడా ఆ రోజు గొంతు పెంచాడు.

"సార్, గిదేం పని జేసిన్రు? నా తెల్ల డబ్బా ఆరో నంబరు ఉండె. ఇగ ఇప్పుడు అది ఎన్నోది?"

సారుకు అర్థం కాలేదు. తడవకుండా పెట్టానని చెప్పాడు. హమీదాబీ ముందుకు వచ్చి, తడిస్తే తుడుచుకుంటాం, వరుస పోతే ఎక్కడినుంచి తెచ్చుకుంటామని నిలదీసింది. కొమురయ్య అనే మేస్త్రీ తన చెవి విరిగిన డబ్బా మూడోదని ఒట్టు వేశాడు. అదే మూడోస్థానం తనదని ఇంకో నలుగురు ఒట్లు వేశారు. ఐలన్న అదను చూసి తలుపు సగం మూశాడు. వరుస తేలేదాకా నూనె లేదని ప్రకటించాడు. బషీర్ హోటల్ మెట్ల మీద నిలబడి, సీఐడీ సాబ్ కేసు తనే చేసి తనే పట్టుబడ్డాడని అందరికీ వినిపించేలా అన్నాడు.

అప్పుడు దేవమ్మ పాలితీను మడిచి పక్కన పెట్టి లేచి వచ్చింది. నలుగురిలో గొంతు విప్పే అలవాటు లేని మనిషి. ముఖం ఎర్రబడింది, చూపు నేల మీదనే ఉంది, అయినా చేయి మాత్రం తడబడకుండా డబ్బాలను చూపిస్తూ పోయింది.

"ముందుగాల ఆకుపచ్చ మూతది, హమీదాబీది. దానెనక సిల్వర్ డబ్బా, నల్ల దారం గట్టినది, రామన్నది. మూడోది చెవిరిగింది, కొమురయ్య అన్న మాట నిజమే. గాయినెనక రెండు పెయింటు డబ్బాలు ఒకరియే, సంగారెడ్డి బస్సు దిగి వెట్టిపోయిన్రు. ఆరోది సాదుల్లా భాయిది."

ఆమె చెప్పుకుంటూ పోయింది. చెప్పినదాన్ని చెప్పినట్టు తెచ్చి నేల మీద పెట్టారు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వెనక్కి తిరిగి దిద్దుకోలేదు. ఎవరూ కాదనలేదు కూడా. చివరి డబ్బా పెట్టేసరికి లైను మళ్లీ ముందు ఎలా ఉందో అలాగే వీధి మలుపు దాకా సాగింది. మొత్తం నలభై ఏడు డబ్బాలు.

సారు తన చిన్న పుస్తకం తెరిచి చూశాడు. ఏడు గంటలకు పంతొమ్మిది అని ఉంది. ఎదురుగా చూస్తే నలభై ఏడు. ఒక్కో ఇంటివాళ్లు రెండు మూడు డబ్బాలు తెచ్చుకుంటారని, నిలబడినవాళ్లవే ఆ డబ్బాలన్నీ అని ఆయన మూడేళ్లుగా అనుకుంటూ వచ్చాడు. ఆయనను అలా అనుకోవద్దని చెప్పినవాళ్లు లేరు. చెప్పవలసిన సంగతి అని వాళ్లకూ తోచలేదు. డబ్బా పెట్టి వెళ్లడం అక్కడ పుట్టిన పిల్లలకు కూడా తెలుసు.

జనం సర్దుకున్నాక ఆయన వచ్చి దేవమ్మ గోనెసంచి పక్కన తడినేల మీదనే కూర్చుండిపోయాడు. ఈ డబ్బాలన్నీ ఎలా గుర్తుంటాయని అడిగాడు.

"యాదుంచుకునేది ఏమున్నది సారూ. నా కండ్ల ముందరనే వెడ్తరు, నాకు జెప్పిపోతరు. ఒకరు షిఫ్టు దిగి పండుతరు, ఒకరు పోరగాండ్లను బడికి తోల్తరు. వంతు దగ్గరకొస్తదనంగ వస్తరు. నువ్వు మనుషులను లెక్కవెడ్తున్నవు. లైన్ల నిలవడ్డయి డబ్బాలు."

సారు తన చిన్న పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, మూడు పెట్టెల కాగితాలు పొయ్యిలోకి పోతాయి దేవమ్మా, అన్నాడు. మార్చి ముప్పై ఒకటికి ఐదు నెలలే ఉందని, మళ్లీ మొదటినుంచి లెక్కలు తీయాలంటే ఏ మూలకూ చాలదని చెప్పాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం, వరుస పోగొట్టుకున్న కొమురయ్య మొహంలాగే ఉంది. వరుస పోయినవాళ్లను చూస్తే దేవమ్మ ఊరుకోలేదు. రేపు పొద్దుగాల జల్దీ రమ్మని, తానూ చూస్తానని, ఆయన రాసుకోవాలని చెప్పింది.

నూనె ఇచ్చేది నెలలో మొదటి పది రోజులు. ఐదు నెలలంటే యాభై పొద్దులు. ఆ యాభై పొద్దులూ సారు ఆరున్నరకల్లా వచ్చి, ఒక ముక్కాలి పీట తెచ్చుకుని బుట్ట పక్కన కూర్చున్నాడు. ఆయన ఎనిమిదిన్నర దాకా ఉండి కాలేజీకి పోయేవాడు. ఆయన పోయాక వచ్చిన డబ్బాల సంగతి దేవమ్మ సాయంత్రం చెప్పేది. ఆమెకు గడియారం చూడడం రాదు. కానీ ఏ డబ్బా ఏడున్నర సైరనుకు ముందు వచ్చిందో, ఏది సంగారెడ్డి బస్సు పోయాక వచ్చిందో, ఏది ఐలన్న రెండో డ్రమ్ము తెరిచినప్పుడు వచ్చిందో తప్పకుండా చెప్పేది. సారు సైరనులకూ బస్సులకూ నిమిషాలు వేసుకుని పక్కన రాసుకునేవాడు. మొదట్లో ఆమె మాట మీద అనుమానం ఉండి కొన్నాళ్లు వేరుగా కూడా చూసి పోల్చుకున్నాడు. రెండుసార్లు తేడా వచ్చింది. రెండుసార్లూ ఆయన గడియారమే వెనకబడి ఉంది.

లైనుకు ఒక కట్టుబాటు ఉందని కూడా ఆయనకు అప్పుడే తెలిసింది. వంతు వచ్చేసరికి మనిషి రాకపోతే డబ్బాను చివరికి విసిరేయరు. రెండు డబ్బాల వెనక్కి జరుపుతారు. అప్పటికీ రాకపోతే ఇంకో రెండు. మూడోసారి మాత్రం దేవమ్మ దగ్గరికి చేరుస్తారు, అంటే ఆ రోజుకు అంతే. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలియదు. సారు దానికి సూత్రం కట్టి లెక్క వేసి చూస్తే, ఇన్నేళ్లుగా అందని గంటన్నర చటుక్కున వచ్చి కాగితం మీద కూర్చుంది. ఆ రోజు ఆయన కాలేజీ మానేసి బుట్టెడు పల్లికాయ కొని లైన్లో ఉన్నవాళ్లందరికీ పంచాడు. మొక్కు తీరిందని కొందరు అనుకున్నారు.

పుస్తకం మార్చి ముప్పై ఒకటి మధ్యాహ్నం మూడు గంటలకు యూనివర్సిటీలో చేరింది. అయితే గండం అక్కడితో గడవలేదు. దాన్ని పరీక్షించడానికి మద్రాసు నుంచి నరసరాజు గారని ఒక పెద్దాయన వచ్చారు. లైన్ల శాస్త్రంలో జుట్టు నెరిసిన మనిషి. అందరి ముందూ రెండు గంటలసేపు ప్రశ్నలు వేసి, చివరకు నూట పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయారు. మనిషి లేకుండా డబ్బా నిలబడడం, దాన్ని నలభై మంది అన్యాయం చేయకుండా జరపడం, ఇది శాస్త్రానికి కుదిరేలా కల్పించిన కథలా ఉందని అన్నారు. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలంటే కళ్లతో చూడాలన్నారు. రామలింగేశ్వరరావు గారు వాచీ చూసుకుని, పటాన్‌చెరు గంట ప్రయాణమే, రేపు నూనె ఇచ్చే రోజే అన్నారు.

మర్నాడు ఏడూ నలభైకి నరసరాజు గారు కారు దిగారు. చేతిలో నల్ల గొడుగు. దేవమ్మకు ఎవరో పెద్దమనిషి వస్తాడని మాత్రమే తెలుసు. ఆయన దగ్గరే సారు బతుకు ఆగి ఉందని, సారు ఆ పొద్దున నాలుగుసార్లు జేబురుమాలు తీసి అదే ముఖాన్ని తుడుచుకోవడం చూసి గ్రహించింది.

నరసరాజు గారు గొడుగును చివరి డబ్బా వెనక నేల మీద పెట్టారు. వంతు ఎప్పుడు వస్తుందని సారును అడిగారు. సారు కాగితం మీద లెక్క వేసి గంటా యాభై నిమిషాలు, అంటే తొమ్మిదిన్నర అన్నాడు. ఆయన దేవమ్మ వైపు తిరిగారు. నువ్వేమంటావమ్మా అన్నారు.

"రెండో జహీరాబాద్ బస్సు పోవాలె. గది పోయినంక నాలుగు డబ్బాలకు."

నరసరాజు గారు తల ఊపి బషీర్ హోటల్లో కూర్చున్నారు. నాలుగు చాయ్‌లు తాగారు. కిటికీలోంచి గొడుగును చూస్తూనే ఉన్నారు. దాన్ని ఎవరూ తొక్కలేదు, ఎవరూ దాటలేదు. ముందువాళ్లు జరిగినప్పుడల్లా వెనకవాళ్లు దాన్ని కూడా ఎత్తి ముందుకు జరిపారు. గొడుగు పెట్టినవాడు ఎవరో వాళ్లకు తెలియదు. తొమ్మిదీ ఇరవైకి రెండో జహీరాబాద్ బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. దాని తర్వాత నాలుగు డబ్బాలు. తొమ్మిదీ ముప్పై మూడుకు గొడుగు ఐలన్న ముందుకు చేరింది.

నరసరాజు గారు లేవలేదు. సారు గాబరాపడి పిలవబోతే చేయి అడ్డం పెట్టారు. ఇదే ఆయన అసలు పరీక్ష. వంతు వచ్చింది, మనిషి లేడు. ఏం చేస్తారో చూద్దామని.

గొడుగు వెనక నిలబడ్డ సాదుల్లా అటూ ఇటూ చూశాడు. ఆయనకు షిఫ్టు టైమవుతోంది. గొడుగును పక్కకు తన్నేసి ముందుకు పోయినా అడిగేవాడు లేడు. దేవమ్మ ఏమీ అనలేదు. అంటే పరీక్ష చెడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు గానీ, ఆమె పెదవి బిగపట్టుకుని కూర్చుంది. సాదుల్లా వంగి, గొడుగును తీసి, తన డబ్బాకూ దాని వెనక డబ్బాకూ వెనక పెట్టాడు. సరిగ్గా రెండు. మడత ఊడితే దాన్ని మళ్లీ కట్టి మరీ పెట్టాడు.

నరసరాజు గారు అప్పుడు లేచి వచ్చారు. వంతు దాకా ఆగకుండా గొడుగు తీసుకున్నారు. కారు బానెటు మీదనే కాగితాలు పరిచి సంతకం చేశారు. చేస్తూ భీమశంకరం సారుతో అన్నారు.

"నూట పన్నెండో పేజీలో ఒక్క తప్పుంది. రెండు వెనక్కి అని రాశారు. గొడుగు మడత కట్టి పెడతారని రాయలేదు."

అలా ఆయన డాక్టరు భీమశంకరం అయ్యాడు. పుస్తకం మొదటి పేజీలో కృతజ్ఞతల్లో గురువు పేరు తర్వాత దేవమ్మ పేరు ఉంది. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఆయనే ఒక ప్రతి తెచ్చి, ఆ చోట వేలు పెట్టి చూపించాడు. ఆ ప్రతిని ఆమె చాలాకాలం బుట్ట కింద ఎత్తుకు వాడింది, తర్వాత తీసి ట్రంకులో దాచింది.

ఆ తర్వాత సారుకు దారి సాఫుగా నడిచింది. తొంభై ఒకటిలో రీడరు, తొంభై ఆరులో ప్రొఫెసరు. సూటుకేసు పట్టుకుని ఢిల్లీ, కలకత్తా సభలకు పోయి డబ్బాల లైను గురించి ఇంగ్లీషులో చెప్పి వచ్చేవాడు. ఒక ఫ్యాక్టరీవాళ్లు గేటు దగ్గర హాజరు కార్డులు కొట్టే చోట తోపులాట తగ్గించమని పిలిస్తే, మిషన్లు పెంచక్కర్లేదు, మూడు బస్సులు ఒకేసారి రాకుండా ఐదేసి నిమిషాల తేడాతో పంపండి చాలన్నాడు. మొగులయ్య ఆ గేటులోంచే పోయేవాడు. మీ లైన్ల సారు మాకు చాయ్ తాగే తీరిక తెచ్చాడని ఇంటికొచ్చి దేవమ్మకు చెప్పాడు.

ఏటా కొత్త విద్యార్థులను ఆయన ఒక పొద్దున దేవమ్మ బుట్ట దగ్గరికి పంపేవాడు. లైన్లో ఎంతమంది ఉన్నారో రాసుకు రమ్మనేవాడు. ఇస్త్రీ చొక్కాల పిల్లలు వచ్చి, వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టుకుని, పది నిమిషాల్లో పని అయిపోయిందని వెళ్లబోయేవాళ్లు. దేవమ్మ ఏమీ చెప్పేది కాదు. చెప్పవద్దని సారు ముందే అడిగి పెట్టాడు. ఎవరైనా ఒకరు ఆగి, ఈ డబ్బాలు ఎవరివి అవ్వా అని అడిగితే మాత్రం ఆ ఒక్కరికీ పిడికెడు పల్లికాయ ఊరికే ఇచ్చేది. పదిహేనేళ్లలో అలా అడిగినవాళ్లు పదకొండు మంది. అందులో తొమ్మిది మంది ఆడపిల్లలు.

ఇళ్లలోకి గ్యాసు బండలు వచ్చాక లైను చిక్కిపోయింది. రెండువేల ఐదులో సారు పదవీ విరమణ చేసినప్పుడు కాలేజీలో పెద్ద సభ పెట్టారు. దేవమ్మను కారు పంపి పిలిపించారు. ఆమె కొత్త చీర కట్టుకుని, వెనక వరుసలో గోడ పక్క కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఆమె పక్కన సారు భార్య కౌసల్య వచ్చి కూర్చుంది. వేదిక మీద కూర్చోమంటే మోకాళ్ల నొప్పని తప్పించుకుని వచ్చిందట.

వేదిక మీద ఒకాయన లేచి సారు గొప్పతనం చెప్పాడు. ఆరేళ్లపాటు గ్యాసునూనె లైన్లో నిలబడి, తన వంతు వచ్చిన ప్రతిసారీ దాన్ని పేదలకు వదిలిపెట్టి, ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లిన త్యాగమూర్తి అన్నాడు. సభ అంతా చప్పట్లు కొట్టింది. సారు వేదిక మీద తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడని, భుజాలు కదిలే తీరు చూసి దేవమ్మ కనిపెట్టింది. ఇటు తిరిగి చూస్తే కౌసల్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

త్యాగం లేదు, ఏమీ లేదు అని కౌసల్య దేవమ్మ చెవిలో చెప్పింది. వాళ్ల రేషన్ కార్డు సంగారెడ్డిలో మామగారి పేరు మీద ఉండిపోయింది. పటాన్‌చెరుకు వేరే కార్డు రాయించుకు రమ్మని ఆమె ఆయనను మూడుసార్లు ఆఫీసుకు పంపింది. మూడుసార్లూ ఆయన పోయి, అక్కడి లైన్లో నిలబడి, ఎంతమంది ఉన్నారో ఎంతసేపు పట్టిందో పుస్తకంలో రాసుకుని, దరఖాస్తు ఇవ్వడం మరిచిపోయి ఇంటికి వచ్చాడు. ఆరేళ్లూ ఆమె రంపపు పొట్టు పొయ్యి మీదనే వండింది.

"కార్డు లేకుంటే ఐలన్న పోస్తడా చెప్పు. ఇగ డబ్బా ఎందుకు, చేతులు ఊపుకుంట పోయెటోడు."

దేవమ్మకు ఆ పాత పొద్దులన్నీ కళ్ల ముందు తిరిగాయి. తాను అన్నీ చూశాననుకుంది. ఆయన అరిగిన చెప్పు చూసింది, గడియారం చూసింది, ఖాళీ చేతులు చూసింది. డబ్బా ఉన్నవాడైతే మొదటి రోజే దాన్ని లైన్లో పెట్టి పొమ్మని తానే చెప్పి ఉండేది, మూడు పెట్టెల కాగితాలు దండగ అయ్యేవి కావు. ఆయనకు రేషన్ కార్డు లేదు.